చైను బిగువు సడలితే: కారు ఇంజన్‌లో టెన్షనర్ పని, దాని మార్పిడి

కారు ఇంజన్‌లో పిస్టన్ల కదలికకూ వాల్వుల కదలికకూ మధ్య పొత్తు తప్పకుండా కాపాడే ఉక్కు గొలుసును టైమింగ్ చైన్ అంటారు. ఆ చైన్ ఎల్లవేళలా తగినంత బిగువుగా ఉండేటట్టు దానిని ఒక పక్కనుంచి నొక్కి పట్టి ఉంచే భాగం టెన్షనర్. అరచేతిలో ఇమిడిపోయే ఈ భాగం అరిగినప్పుడు దానిని మార్చడానికి చాలా ఇంజన్లలో ముందువైపు కవరంతా విప్పవలసి వస్తుంది, మార్చకుండా కాలం గడిపితే ఇంజన్ మొత్తానికే ముప్పు వాటిల్లుతుంది. కనుక ఈ భాగం ఎలా పనిచేస్తుందో, ఎందుకు అరుగుతుందో, మార్చేటప్పుడు ఏయే జాగ్రత్తలు తప్పనిసరో మెకానిక్కులతో పాటు కారు యజమానులు కూడా తెలుసుకోవడం అవసరం.

రెండు చుట్లకు ఒక చుట్టు

నేటి పెట్రోలు, డీజిల్ కార్లలో దాదాపు అన్నింటిలోనూ ఉండేది నాలుగు అంచెల ఇంజన్. గాలిని లోపలికి పీల్చడం, దానిని అదమడం, మండించి శక్తిని రాబట్టడం, కాలిన వాయువును బయటికి నెట్టడం అనే ఈ నాలుగు పనులూ ముగిసే సరికి, పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. గాలి రావడానికీ పొగ పోవడానికీ దారి తెరిచే వాల్వులు మాత్రం ఆ రెండు చుట్లలో ఒక్కసారే తెరుచుకోవాలి కాబట్టి, వాటిని నొక్కే ఉబ్బులతో కూడిన క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సరిగ్గా సగం వేగంతో తిరగాలి. ఇందుకోసం క్రాంక్ మీద ఉండే పళ్ళచక్రానికి, అంటే స్ప్రాకెట్‌కు, ఎన్ని పళ్ళుంటే క్యామ్ స్ప్రాకెట్‌కు వాటికి రెట్టింపు పళ్ళు పెట్టి, రెండింటినీ చైన్‌తో కలుపుతారు. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

చాలా ఆధునిక ఇంజన్లలో పూర్తిగా తెరుచుకున్న వాల్వు, పై అంచుకు వచ్చిన పిస్టన్ ఒకే చోటును వేర్వేరు క్షణాల్లో వాడుకునేలా నిర్మాణం ఉంటుంది. ఈ రెంటినీ వేరుగా ఉంచేది టైమింగ్ ఒక్కటే కాబట్టి, చైన్ తెగినా పళ్ళు దాటినా పిస్టన్ వచ్చి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. అప్పుడు వాల్వులు వంగుతాయి, వాటిని నొక్కే రాకర్లు విరుగుతాయి, ఒక్కొక్కసారి పిస్టన్ పైభాగం కూడా దెబ్బతింటుంది. గాలిని ఎక్కువగా అదమవలసిన డీజిల్ ఇంజన్లలో పిస్టన్ పైన మిగిలే చోటు మరీ తక్కువ గనుక ఈ ప్రమాదం వాటికి ఇంకా ఎక్కువ.

బెల్టు, చైన్

స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడిన ఇంజనీరు హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలర్ చైన్‌ను రూపొందించాడు. పిన్ను చుట్టూ బుష్, బుష్ చుట్టూ తిరిగే రోలర్ ఉండే ఆ అమరికే సైకిళ్ళకూ యంత్రాలకూ, తరవాత కార్ల ఇంజన్లకూ మూలమైంది. 1962లో జర్మనీకి చెందిన గ్లాస్ 1004 కారు పళ్ళున్న రబ్బరు బెల్టుతో క్యామ్‌ను తిప్పి కొత్త దారి చూపింది. బెల్టుకు ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ, ఆయిల్ అవసరం లేదు. అయితే రబ్బరుకు ఆయుష్షు పరిమితం కాబట్టి నిర్ణీత కిలోమీటర్లకు బెల్టును మార్చక తప్పదు. మన దేశంలో మారుతి 800 కారులో ఉన్నది ఈ బెల్టే. 2008 నుంచి మారుతి చిన్న కార్లలోకి వచ్చిన కె సిరీస్ పెట్రోలు ఇంజన్లు చైన్‌తో వచ్చాయి.

చైన్ ఇంజన్ లోపలే, ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. దానికి మార్పిడి గడువు ఏదీ సర్వీసు పట్టికలో సాధారణంగా కనిపించదు కనుక అది ఇంజన్ ఉన్నంత కాలం ఉంటుందనే నమ్మకం జనంలో బలపడింది. ఆ నమ్మకం తప్పు కాదు గాని, దానికొక షరతు ఉంది. చైన్ ఆయుష్షు ఆయిల్ శుభ్రత మీదా, ఆయిల్ మట్టం మీదా, టెన్షనర్ ఆరోగ్యం మీదా ఆధారపడి ఉంటుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా పట్టికలో లేని ఖర్చు యజమాని నెత్తిన పడుతుంది.

టెన్షనర్ లోపల జరిగేది

క్రాంక్ స్ప్రాకెట్ చైన్‌ను లాగేటప్పుడు, లాగే వైపు చైన్ బిగిసి ఉంటుంది, తిరిగి వచ్చే వైపు వదులుగా ఉంటుంది. ఈ వదులు పక్కనే, ప్లాస్టిక్ తొడుగున్న ఒక వంపు పట్టీని చైన్‌కు ఆనించి, దాని వెనక టెన్షనర్‌ను అమరుస్తారు. ఆ పట్టీని గైడు అంటారు. బిగువు పక్కన కూడా చైన్ కంపించకుండా మరొక కదలని గైడు ఉంటుంది. అయినా చైన్ మీద పడే బరువు నిలకడగా ఉండదు. క్యామ్ ఉబ్బు వాల్వు స్ప్రింగును నొక్కేటప్పుడు చైన్‌ను వెనక్కి లాగుతుంది, ఉబ్బు దాటగానే అదే స్ప్రింగు క్యామ్‌ను ముందుకు తోస్తుంది కాబట్టి చైన్ సెకనుకు ఎన్నోసార్లు బిగుస్తూ సడలుతూ ఉంటుంది. అందుచేత టెన్షనర్ చైన్‌ను నొక్కి పట్టడంతో సరిపెట్టుకోకుండా ఈ కుదుపులను కూడా మింగగలగాలి.

ఈ రెండు పనులూ అది ఆయిల్ సాయంతో చేస్తుంది. లోహపు గూడులో అటూ ఇటూ జరిగే బోలు ప్లంజర్, దాని లోపల ఒక స్ప్రింగు, అడుగున ఆయిల్ వచ్చే రంధ్రం, ఆ రంధ్రానికి ఒకే దిశలో తెరుచుకునే చిన్న గోళీ వాల్వు ఉంటాయి. ఇంజన్ ఆయిల్ పంపు నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్ గోళీని తోసుకుని లోపలికి చేరి ప్లంజర్‌ను గైడు వైపు నెడుతుంది. చైన్ ఎదురు తోసినప్పుడు గోళీ దారి మూసేస్తుంది కాబట్టి, ఆయిల్ ప్లంజర్‌కూ గూడుకూ మధ్య ఉండే వెంట్రుకవాసి సందు గుండా మాత్రమే మెల్లగా బయటికి రాగలదు. ఆ నిదానమే కుదుపును అణచివేస్తుంది. చాలా టెన్షనర్లలో ప్లంజర్ మీద రంపపు పళ్ళ వంటి గాట్లు, వాటిని పట్టుకునే ఒక కొక్కెం ఉండి, ఒకసారి ముందుకు జరిగిన ప్లంజర్ మళ్ళీ వెనక్కి పోకుండా ఆపుతాయి. దీనిని రాచెట్ అంటారు.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఉండదు, లోపలి ఆయిల్ కూడా సందుల గుండా నెమ్మదిగా కారిపోతుంది కాబట్టి రాత్రంతా నిలిపిన కారులో చైన్‌ను పట్టి ఉంచేవి స్ప్రింగూ రాచెట్టూ మాత్రమే. అందుకే టెన్షనర్ బలహీనపడిందనడానికి మొదటి గుర్తు ఉదయం సెల్ఫ్ కొట్టగానే, ఆయిల్ ఒత్తిడి అందే లోపు ఒకటి రెండు సెకన్లపాటు వినిపించే లోహపు గలగల. ఆ తరవాత చప్పుడు ఆగిపోతుంది కనుక చాలామంది దానిని పట్టించుకోరు, కాని ఆ కొద్ది సెకన్లలో చైన్ గైడు ప్లాస్టిక్‌ను కొడుతూ ప్రతి రోజూ కొంత అరగదీస్తూ ఉంటుంది.

అరుగుదల లెక్క

చైన్ సాగిందని వాడుకలో అంటారు గాని, నిజానికి ఉక్కు పలకలు సాగవు. ప్రతి కీలులోని పిన్నూ బుష్షూ ఒకదానితో ఒకటి రాసుకుని అరుగుతాయి. ఉదాహరణకు 8 మిల్లీమీటర్ల దూరంలో కీళ్ళున్న 150 లింకుల చైన్‌లో ఒక్కొక్క కీలు మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంటే 0.02 మిల్లీమీటర్లు అరిగిందనుకుంటే, మొత్తం చైన్ పొడవు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ పెరిగిన వదులును టెన్షనర్ తన ప్లంజర్‌ను మరికొంచెం ముందుకు జరిపి సర్దుతుంది. ప్లంజర్ ప్రయాణానికి ఒక హద్దు ఉంది కనుక అది చివరికి చేరిన తరవాత వచ్చే వదులును సర్దేవారు ఎవరూ ఉండరు.

టెన్షనర్ సర్దలేనిది మరొకటి కూడా ఉంది, ఈ విషయంలో అన్నిటికన్నా గట్టిగా గుర్తుంచుకోవలసింది అదే. టెన్షనర్ ఉండేది వదులు పక్కన. బిగువు పక్కన చైన్ పొడవు పెరిగితే క్యామ్‌షాఫ్ట్ ఆ మేరకు వెనకబడిపోతుంది, దానిని ఏ టెన్షనరూ ముందుకు తేలేదు. పై ఉదాహరణలో క్రాంక్ స్ప్రాకెట్‌కు 20, క్యామ్ స్ప్రాకెట్‌కు 40 పళ్ళున్నాయనుకుంటే, బిగువు పక్క ఒక మిల్లీమీటరు పెరిగితే క్యామ్ ఒక డిగ్రీకి పైగా, క్రాంక్ లెక్కలో రెండు డిగ్రీలకు పైగా వెనకబడుతుంది. చైన్ ఒక పన్ను దాటితే ఆ తేడా క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి చైన్ బాగా అరిగిన ఇంజన్‌లో కొత్త టెన్షనర్ ఒక్కటే వేస్తే చప్పుడు కొంత కాలం ఆగవచ్చు గాని, తప్పిన టైమింగ్ సరికాదు.

ఈ అరుగుదలకు ముఖ్య కారణం ఆయిల్‌లో చేరే మసి. డీజిల్ మండినప్పుడు పుట్టే అతి సన్నని మసి రేణువులు పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగి, కీళ్ళ మధ్య పిన్నులను గీకుతాయి. సిలిండర్‌లోకి నేరుగా ఇంధనం చిమ్మే కొత్త తరం పెట్రోలు ఇంజన్లలో కూడా ఇదే సమస్య తలెత్తడంతో, 2020లో అమల్లోకి వచ్చిన ఏపీఐ ఎస్‌పీ, ఇల్‌శాక్ జీఎఫ్-6 ఆయిల్ ప్రమాణాల్లో చైన్ అరుగుదలను కొలిచే ప్రత్యేక ఇంజన్ పరీక్షను చేర్చారు. ఆయిల్ మురికైతే టెన్షనర్ గోళీ సరిగా కూర్చోదు. ఆయిల్ పలచబడితే ప్లంజర్ సందులోంచి త్వరగా జారిపోతుంది. మట్టం తగ్గితే పంపు గాలిని పీల్చి టెన్షనర్‌కు నురుగు పంపుతుంది.

కొన్నిసార్లు లోపం తయారీలోనే ఉంటుంది. 1996లో వచ్చిన జాగ్వార్ వీ8 ఇంజన్ తొలి నమూనాలలో టెన్షనర్ల ప్లాస్టిక్ ఒళ్ళు పగులుతూ ఉండటంతో, తరవాత వాటి స్థానంలో లోహపు ఒళ్ళున్నవి వచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్ల టర్బో పెట్రోలు ఇంజన్లలో ఒక తరం టెన్షనర్ల మీద అమెరికాలో యజమానులు ఉమ్మడిగా వేసిన దావా 2018లో పరిష్కార ఒప్పందంతో ముగిసింది.

మన రోడ్ల మీది డీజిల్ ఇంజన్

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఈ విషయం బాగా దగ్గరగా తెలిసేది 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్ ద్వారా. ఇటలీకి చెందిన ఫియట్ 2003లో తెచ్చిన ఈ 1,248 సీసీ ఇంజన్ 2005లో తన తరగతిలో అంతర్జాతీయ ఉత్తమ ఇంజన్ పురస్కారం పొందింది. మన దేశంలో మారుతి స్విఫ్ట్, డిజైర్ కార్లలో ఒక పేరుతో, టాటా ఇండికా విస్టాలో మరొక పేరుతో, ఫియట్ కార్లలో సొంత పేరుతో అమ్ముడై, దేశపు డీజిల్ ఇంజన్ అని మోటారు పత్రికలు పిలిచేంతగా వ్యాపించింది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లను ఆపేసినా, హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో క్యాబులుగా తిరిగిన కార్లు చేతులు మారి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఈ ఇంజన్‌లో క్యామ్‌లను తిప్పేది బెల్టు కాదు, చైనే. రోజుకు వందల కిలోమీటర్లు తిరిగి, ట్రాఫిక్‌లో గంటల తరబడి ఆగి నడిచి, ఆయిల్ మార్పిడి వాయిదా పడ్డ బండ్లలో ఆ చైన్ ముందుగా మోత మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

లోపాన్ని నిర్ధారించడం

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చే ప్రతి చప్పుడూ చైన్‌ది కాదు కనుక విప్పే ముందు పరీక్ష అవసరం. మొదట చూడవలసింది ఆయిల్ మట్టం, ఆ తరవాత ఆయిల్ ఒత్తిడి, ఎందుకంటే పంపు బలహీనమైతే కొత్త టెన్షనర్‌కు కూడా పని జరగదు. చప్పుడు టైమింగ్ కవర్ వైపు నుంచి వస్తోందా అన్నది మెకానిక్ చెవిగొట్టంతో వినవచ్చు. క్రాంక్, క్యామ్ సెన్సర్లు చెప్పే స్థానాలకు పొంతన కుదరనప్పుడు ఇంజన్ కంప్యూటర్ పి0016, పి0017 వంటి కోడ్‌లను నమోదు చేసి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. ఈ కోడ్ వచ్చిందంటే లోపం చప్పుడు దశ దాటి టైమింగ్ దశకు చేరి ఉండవచ్చని అర్థం. కొన్ని ఇంజన్లలో కవర్ మీద ఉండే చిన్న బిరడా తీసి, ప్లంజర్ ఎంత బయటికి వచ్చిందో కళ్ళతో చూడవచ్చు. ఆయిల్ మార్చేటప్పుడు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోంచి నల్లని లేదా గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు వస్తే గైడు విరుగుతోందని గ్రహించాలి. ఆ ముక్కలు ఆయిల్ పీల్చే జల్లెడను మూసివేసి బేరింగులను కూడా చెడగొట్టగలవు.

మార్పిడి క్రమం

ఖర్చును నిర్ణయించేది భాగం ధర కన్నా చైన్ ఉన్న చోటు. చాలా ఇంజన్లలో చైన్ ముందువైపు ఉంటుంది. బీఎమ్‌డబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్ వంటి కొన్నింటిలో అది గేర్‌బాక్స్ వైపు ఉండటం వల్ల గేర్‌బాక్సునో ఇంజన్‌నో దించితే తప్ప పని జరగదు. కొన్ని ఇంజన్లలో టెన్షనర్‌ను బయటినుంచే విప్పగల వీలుంది గాని, ఎక్కువ ఇంజన్లలో టైమింగ్ కవర్ తీయక తప్పదు.

బ్యాటరీ తీగ తీసి, ఆయిల్ దించి, ఇంజన్‌ను కిందినుంచి జాకీతో ఆనించి, ముందువైపు మౌంటింగు, బెల్టు, క్రాంక్ పుల్లీ, ఆయిల్ ఛాంబర్, కవర్ వరసగా విప్పుతారు. అయితే అసలైన పని వీటన్నిటికన్నా ముందే మొదలవుతుంది. మొదటి సిలిండర్ పిస్టన్‌ను పై అంచుకు తెచ్చి, లేదా ఆ ఇంజన్‌కు చెప్పిన స్థానానికి తెచ్చి, క్రాంక్‌నూ క్యామ్‌లనూ ప్రత్యేకమైన లాకింగ్ పిన్నులతో కదలకుండా బంధించాలి. 1.3 మల్టీజెట్ వంటి ఇంజన్లలో ఈ పనిముట్లు లేకుండా, పెయింటు గుర్తులు పెట్టుకుని అంచనాతో పని సాగించడం అపాయకరం. చైన్ తీసిన తరవాత క్రాంక్‌ను గాని క్యామ్‌ను గాని విడిగా తిప్పితే వాల్వులూ పిస్టన్లూ అక్కడే తగులుకుంటాయి.

తరవాత పాత టెన్షనర్ ప్లంజర్‌ను లోపలికి నొక్కి, దాని రంధ్రంలో సన్నని పిన్ను దూర్చి విప్పుతారు. కొత్త టెన్షనర్ ఇలాంటి పిన్నుతో బిగించే వస్తుంది. చైన్, గైడ్లు, స్ప్రాకెట్లు కలిసి ఒకే వయసున్నవి కనుక వాటన్నిటినీ కిట్టుగా మార్చడం మంచి పద్ధతి. అరిగిన చైన్‌కు తగ్గట్టు అరిగిపోయిన పాత స్ప్రాకెట్ పళ్ళు కొత్త చైన్‌ను త్వరగా తింటాయి. గుర్తులున్న ఇంజన్లలో కొత్త చైన్ మీది రంగు లింకులను స్ప్రాకెట్ల మీది గుర్తులకు ఎదురుగా కూర్చోబెట్టి, బిగువు పక్క చైన్ నిటారుగా ఉండేటట్టు చూసి, టెన్షనర్‌ను చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించి, చివరన పిన్ను లాగుతారు. పిన్ను రాగానే ప్లంజర్ టక్కున బయటికి వచ్చి గైడును నొక్కుతుంది. ఈ క్షణానికి ముందే అన్ని గుర్తులూ మరొకసారి చూసుకోవాలి.

ఆపైన లాకింగ్ పిన్నులన్నీ తీసి, క్రాంక్‌ను పానాతో చేత్తోనే, ఇంజన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా ఆపి మొదటినుంచి చూడాలి. రెండు చుట్ల తరవాత స్ప్రాకెట్ గుర్తులు, లాకింగ్ స్థానాలు మళ్ళీ సరిపోవాలి. రంగు లింకులు మాత్రం ఆ చోటికి రావు, వాటిని చూసి కంగారుపడవలసిన పని లేదు. పై ఉదాహరణలోని 150 లింకుల చైన్‌లో అవి తిరిగి తమ గుర్తులకు ఎదురుగా రావాలంటే క్రాంక్ 30 చుట్లు తిరగాలి. ఈ ఒక్క సంగతి తెలియక సరిగ్గా అమర్చిన చైన్‌ను విప్పి మళ్ళీ అమర్చే పొరపాటు జరుగుతుంటుంది.

కవర్ మూసేటప్పుడు పాత గమ్ము పూర్తిగా గీకి, కొత్త ఆయిల్ సీల్ వేసి, క్రాంక్ బోల్టు ఒక్కసారి బిగింపుకే పనికొచ్చే రకమైతే కొత్తది వాడి, తయారీదారు చెప్పిన బిగువు, కోణం ప్రకారం బిగించాలి. గమ్ము ఆరేందుకు చెప్పిన సమయం ఇచ్చాకే సరైన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టరు వేయాలి. ఇంధనం అందకుండా చేసి కొన్ని సెకన్లు సెల్ఫ్ తిప్పితే ఆయిల్ టెన్షనర్ దాకా చేరుతుంది, తొలి స్టార్టులో చైన్ పొడిగా కొట్టుకోదు. అవసరమైన కార్లలో స్కానర్‌తో క్రాంక్, క్యామ్ స్థానాలను కంప్యూటర్‌కు కొత్తగా నేర్పించడంతో పని పూర్తవుతుంది.

యజమాని చేతిలో ఉన్నది

ఈ మార్పిడి ఖర్చు తక్కువేమీ కాదు. అయినా వంగిన వాల్వులు, విరిగిన రాకర్లు, దెబ్బతిన్న హెడ్‌తో పోల్చితే అది కొద్ది భాగమే. అప్పు మీద కారు కొని క్యాబు నడుపుకునే కుటుంబానికి ఆ తేడా కొన్ని నెలల రాబడితో సమానం కావచ్చు, పైగా బండి గ్యారేజీలో ఉన్నన్నాళ్ళూ వాయిదా మాత్రం ఆగదు. కాబట్టి గలగల మొదలైన బండిని ఇంకొన్నాళ్ళు నడవనిద్దామని వదిలేయడం, టెన్షనర్ ఒక్కటే మార్చి తక్కువలో తేల్చమని మెకానిక్‌ను ఒత్తిడి చేయడం రెండూ పొదుపు అనిపించే నష్టాలే. పాత కారు కొనేవారు ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక మొదటి స్టార్టును స్వయంగా వినాలి, ఆయిల్ మార్పిడి రసీదులు అడగాలి. వచ్చేసరికే ఇంజన్‌ను వేడిచేసి ఉంచిన బండి విషయంలో మరుసటి ఉదయం మళ్ళీ వెళ్ళి చూడటం ఉత్తమం.

చైన్‌కు మార్పిడి గడువు లేకపోవచ్చు గాని ఆయిల్‌కు ఉంది. తయారీదారు చెప్పిన గ్రేడు ఆయిల్‌ను చెప్పిన కిలోమీటర్లకు, తక్కువగా తిరిగే బండికైతే ఏడాదికొకసారి, నిత్యం ట్రాఫిక్‌లో నలిగే బండికైతే ఇంకా ముందే మార్చడం, నెలకు ఒకసారి డిప్‌స్టిక్ తీసి మట్టం చూడటం టెన్షనర్‌కు చేయగల అతి చవకైన రక్షణ. ఆ రక్షణ అందిన ఇంజన్‌లో చైన్ లక్షల కిలోమీటర్లు నిలుస్తుంది. అందని ఇంజన్‌లో ఉదయపు గలగల వినిపించిన రోజే పరీక్షకు తీసుకుపోవడం ప్రతి యజమానీ తన బండికి చేయవలసిన మేలు.